సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్: బాక్సు దించే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. పాత ఆటోమేటిక్ కారు కొన్నారు, నెల తిరక్కుండా గేరు తేడా చేసింది, షెడ్డుకు తీసుకెళితే ‘బాక్సు (గేర్‌బాక్స్) దించాలి’ అన్నారు. నిజంగా దించాల్సినవి ఉంటాయి. కానీ చూడాల్సినవి చూడకుండా ఆ మాట అంటే మాత్రం ఒప్పుకోకండి. ఇంకో సంగతి. ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు మీద మన రోడ్లపై నాలుగు రకాల యంత్రాలు తిరుగుతున్నాయి: టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది), ఏఎంటీ (మాన్యువల్ బాక్సుకే క్లచ్, గేరు యంత్రంతో వేయించేది), సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచేది), డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లు గేర్లను పంచుకునేది). ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. మాకు రాసేటప్పుడు మీది ఏ రకమో తప్పకుండా రాయండి.

ప్రశ్న: ఐదు వారాల క్రితం 2017 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, 78 వేల కి.మీ. తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేసి ‘డి’లో వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత ధడేల్‌మని పడుతుంది. ‘ఆర్’లోనూ అంతే. రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి లేచి దిగుతుంది. అమ్మినతను ఇచ్చే ముందు ‘గేర్ ఆయిల్ చెక్ చేయించాం, ఎక్కువుంటే తీశాం’ అన్నాడు. ఇక్కడి మెకానిక్ ఓవర్‌హాల్ చేయాలి, లక్షా నలభై వేలు అవుతుందంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో అసలు ఆధారం ‘ఎక్కువుంటే తీశాం’ అన్న మాటలోనే ఉంది. ముందు దాని సంగతి తేల్చాలి.

ఈ తరహా బాక్సులకు డిప్‌స్టిక్ ఉండదు, లెవెల్ ప్లగ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి ఆ ప్లగ్ తీస్తే కన్వర్టర్ నుంచి, పై గదుల నుంచి కిందికి దిగిన ఆయిల్ ధారగా కారిపోతుంది. తెలియనివాళ్లు దాన్ని ‘ఎక్కువైన ఆయిల్’ అనుకుని పోనిస్తారు. ప్లగ్ బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయగానే కన్వర్టర్ తన వాటా తాను పీల్చుకుంటుంది, కింద లెవెల్ పడిపోతుంది. అప్పుడు పంపు ఆయిల్‌తోపాటు గాలినీ లాగుతుంది. గాలి కలిసిన ఆయిల్‌కు ఒత్తిడి వెంటనే రాదు. క్లచ్ పిస్టన్ ఆలస్యంగా కదులుతుంది, కదిలినప్పుడు ఒక్కసారిగా పట్టుకుంటుంది. మీరు చెప్పిన ఆలస్యం, ఆ ధడేల్, ఆర్‌పీఎం లేవడం, మూడూ ఈ ఒక్క లోపంతోనే రావచ్చు.

లెవెల్ సరిగ్గా చూసే పద్ధతి ఇది. కారు నాలుగు చక్రాల మీదా సమతలంగా ఉండాలి, ముందు మాత్రమే జాకీ ఎత్తితే లెక్క తప్పుతుంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉండాలి. బ్రేకు తొక్కి లివర్‌ను పి, ఆర్, ఎన్, డి, మళ్లీ పి ఇలా ఒక్కోచోట రెండేసి సెకన్లు ఆపుతూ తిప్పాలి. స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూడాలి. హ్యుందాయ్, కియా ఆరు గేర్ల బాక్సులకు 50 నుంచి 60 డిగ్రీల మధ్య చూడమని చెబుతారు. మీది వేరే కంపెనీదైతే ఆ కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లోని అంకె పట్టుకోండి. ఆ వేడిలో లెవెల్ ప్లగ్ విప్పితే ఆయిల్ సన్నని దారంలా కారాలి. ధారగా వస్తే ఎక్కువ, చుక్క కూడా రాకపోతే తక్కువ. చేతికి గ్లౌజ్ తప్పనిసరి, ఆ వేడి ఆయిల్ పడితే చర్మం కాలుతుంది.

తక్కువుంటే అదే గ్రేడు ఆయిల్ కొద్దికొద్దిగా పోసి మళ్లీ చూడాలి. ఎంత పోశారో మిల్లీలీటర్లలో రాసుకోండి. అర లీటరు పైన పట్టిందంటే మీ రోగం అక్కడే ఉండి ఉండవచ్చు. హ్యుందాయ్, కియా ఆరు గేర్ల బాక్సైతే ఎస్‌పీ-4 గ్రేడు. ‘ఏ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ ఆయిల్) అయినా ఒకటే’ అనే షెడ్డులో ప్లగ్ కూడా ముట్టుకోనివ్వకండి. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకోవాలన్నది ఆయిల్‌లో కలిపే రసాయనాలే తేలుస్తాయి. గ్రేడు మారితే ఆ లెక్క మారిపోతుంది.

లెవెల్ సరిగ్గా ఉండి కూడా అలాగే ఉంటే అప్పుడు స్కానింగ్. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ డాంగిల్ (కారుకు తగిలించి లోపాల కోడ్‌లు చదివే చిన్న పరికరం) చాలాసార్లు ఇంజిన్ కంప్యూటర్‌నే చదువుతుంది, పి0700 అన్న ఒక్క కోడ్ చూపిస్తుంది. దాని అర్థం ‘గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, అక్కడ చూడు’ అని మాత్రమే. దాన్ని పట్టుకుని బాక్సు పోయిందనడం తొందరపాటు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లోకి వెళ్లగల స్కానర్‌తో కోడ్‌లు, వాటితోపాటు దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ చూడాలి. కోడ్ పడిన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, గేరు అందులో ఉంటాయి. పి0730 అయితే గేరు నిష్పత్తి తప్పింది. పి0715 అయితే లోపలి వేగం చదివే సెన్సర్, పి0720 అయితే బయటి వేగం సెన్సర్. ఈ చివరి రెండూ వైరు, కనెక్టర్, సెన్సర్‌తో పోవచ్చు. కోడ్‌లు ఫోటో తీసుకోకుండా ఎవరినీ చెరపనివ్వవద్దు.

తర్వాత బండి నడుపుతూ లైవ్ డేటాలో టర్బైన్ వేగం (బాక్సులోకి వచ్చే వేగం), అవుట్‌పుట్ వేగం (బయటికి వెళ్లే వేగం) చూడాలి, పక్క సీట్లో కూర్చున్నవాళ్లే చూడాలి. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు టర్బైన్ వేగం ఉదాహరణకు 2500 నుంచి 1800కి నేరుగా దిగాలి. ముందు 2900కి ఎక్కి తర్వాత దిగితే రెండో గేరు క్లచ్ వదిలేసింది, మూడో గేరు క్లచ్ ఇంకా అందుకోలేదు అని అర్థం. ఇది చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోతే క్లచ్ పిస్టన్ల రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయన్న అనుమానం. వేడెక్కాకే వస్తే వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను క్లచ్‌లకు మళ్లించే భాగంలో) అరుగుదల. పలచబడ్డ ఆయిల్ ఆ సందుల్లోంచి జారిపోతుంది. మీకు చల్లగా ఉన్నప్పుడే వస్తోందా, అరగంట నడిపాక కూడా వస్తోందా అన్నది రాయలేదు. చూసి మెకానిక్‌కు చెప్పండి, అతని పని సగం తగ్గుతుంది.

‘డి’, ‘ఆర్’ రెండింట్లోనూ ఆలస్యం ఉందన్నారు, అది మీకు మంచిదే. రెండింటికీ ఉమ్మడిగా ఉండేవి ఆయిల్ లెవెల్, పంపు, ప్రధాన ఒత్తిడి. ఒక్క ‘డి’లోనే ఉంటే ముందుకు నడిపే క్లచ్‌ను అనుమానించాల్సి వచ్చేది.

ఆ ధడేల్ శబ్దానికి ఇంజిన్ మౌంటింగ్ కూడా చూపించండి. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి డి, ఆర్ మారుస్తుంటే పక్కనుంచి ఇంకొకరు ఇంజిన్ ఊగడం చూడాలి. కారు ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. చిరిగిన మౌంటింగ్ రబ్బరు గేర్‌బాక్స్ రోగంలా నటిస్తుంది.

ఆయిల్ మార్చాల్సి వస్తే తెల్లటి శుభ్రమైన ట్రేలోకి దించమనండి. ఎంత దిగిందో కొలవండి. ఒక టిష్యూ కాగితం మీద రెండు చుక్కలు వేసి చూడండి: ఎరుపు, లేత గోధుమ రంగైతే సరే. నల్లగా ఉండి కాలిన వాసన వస్తే ప్లేట్లు కాలాయి. ట్రేని ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున నల్లటి నలుసులు తేరుకుంటాయి, అవి క్లచ్ ప్లేట్ల పొర. అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పేస్టు అంటుకుంటే అది మామూలు అరుగుదలే. మెరిసే పొడవాటి ఇనుప పీలికలు కనిపిస్తే మాత్రం మెకానిక్ ‘ఓవర్‌హాల్’ అన్నమాట నిజమే.

ఈ సైజు బాక్సులో మొత్తం ఏడెనిమిది లీటర్లు పడుతుంది. ప్లగ్ తీస్తే దిగేది అందులో సుమారు సగమే, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో నిలిచిపోతుంది. అందుకే ఒకసారి మార్చి కొన్ని వందల కి.మీ. నడిపి మళ్లీ మార్చడం మేలు. రెండుసార్లకు పాత ఆయిల్ పావు వంతుకు, మూడుసార్లకు ఎనిమిదో వంతుకు వస్తుంది. సర్వీస్ చరిత్ర తెలియని బాక్సుకు మిషన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయించవద్దు, లోపల పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ సందుల్లో ఇరుక్కుంటుంది. చివరగా స్కానర్‌తో పాత అడాప్టేషన్ (కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు) చెరిపి, మళ్లీ నేర్పించాలి. పాత రోగానికి అలవాటుపడిన కంప్యూటర్ కొత్త ఆయిల్‌లోనూ పాత లెక్కలే వాడుతుంది.

ఒక హెచ్చరిక. ఎవరైనా బ్రేకు తొక్కి పూర్తిగా రేస్ ఇచ్చి స్టాల్ టెస్ట్ చేస్తామంటే అనుమానంలో ఉన్న బాక్సు మీద ఒప్పుకోకండి. ఆరోగ్యంగా ఉన్నదాని మీదే ఐదు సెకన్లు మించకూడదు. ఏఎంటీ, డ్యూయల్ క్లచ్, సీవీటీల మీద అసలు చేయకూడదు.

ప్రశ్న: పాత ఏఎంటీ హ్యాచ్‌బ్యాక్ కొన్నాం. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగితే వెనక్కి జారుతుంది. ఒకటి నుంచి రెండుకు తల ముందుకు ఊగేంత జర్క్. ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ‘ఎన్’ అక్షరం మెరుస్తూ గేరు పడదు. డ్రైవర్ తలుపు తీసినప్పుడల్లా లోపలెక్కడో ‘జ్‌ర్’మని శబ్దం. గేర్‌బాక్స్ పోయిందా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: పోయిందనుకోనక్కర్లేదు. 2014లో సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఈ ఏఎంటీ లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేరు వేసే చేయి బదులు యాక్చుయేటర్లు పెట్టారు, అంతే. కాబట్టి వెతకాల్సింది క్లచ్, యాక్చుయేటర్, బ్యాటరీ, బ్రేక్ స్విచ్.

తలుపు తీస్తే వచ్చే శబ్దం హైడ్రాలిక్ రకంలో పంపు ఒత్తిడి సిద్ధం చేసుకోవడం. ఒకసారి వచ్చి ఆగితే మామూలే. ఇంజిన్ ఆన్‌లో ఉండి గేరు మార్చకపోయినా కొద్ది సెకన్లకోసారి మళ్లీ మళ్లీ మోగుతుంటే ఒత్తిడి నిలవడం లేదు. ఎక్కడో లీకుంది, లేదా అక్యుములేటర్ (ఒత్తిడిని నిల్వ ఉంచే భాగం) బలహీనపడింది.

‘ఎన్’ మెరిసిందంటే కంప్యూటర్ అడిగిన గేరు వేయలేకపోయింది. ముందు బ్రేకు తొక్కి వెనక లైట్లు వెలుగుతున్నాయేమో ఇంకొకరిని చూడమనండి. బ్రేక్ స్విచ్ సిగ్నల్ అందకపోతే గేరు వేయడానికి అది అనుమతించదు. ఇది చాలా చిన్న భాగం. తర్వాత బ్యాటరీ. రాత్రంతా ఆగిన కారుకు పొద్దున 12.4 వోల్టుల పైన ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కి దిగువకు పడకూడదు. మూడు నాలుగేళ్ల బ్యాటరీతో ఉన్న పాత ఏఎంటీకి ఏ ఖర్చుకన్నా ముందు ఈ పరీక్ష చేయించాలి.

జర్క్, జారడం విషయంలో క్లచ్ అరుగుదల అంకెను స్కానర్‌లో అడగండి. సరైన స్కానర్ క్లచ్ పట్టుకునే స్థానాన్ని చూపిస్తుంది. అది కొత్త క్లచ్ విలువకు ఎంత దూరం జరిగిందన్నదే అరుగుదలకు కొలత. మీకు ముందున్న యజమాని క్లచ్ మార్పించి స్కానర్‌తో కాలిబ్రేషన్ (కొత్త క్లచ్ లెక్క కంప్యూటర్‌కు నేర్పడం) చేయించకపోతే సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. బయట షెడ్డుల్లో తరచూ మిగిలిపోయే పని ఇదే. మంచి క్లచ్ వేసి కూడా గేరు పడక తిరిగి బాక్సు దించినవాళ్లున్నారు, ఎంత అన్యాయమో చూడండి.

వాలు మీద కారును యాక్సిలరేటర్‌తో నిలిపే అలవాటుంటే వెంటనే మానేయండి. సగం పట్టిన క్లచ్ నిమిషాల్లో కాలుతుంది. హ్యాండ్ బ్రేకు లాగి, కదిలేటప్పుడు వదలాలి. ఒకటి-రెండు మధ్య కొద్దిపాటి ఊపు ఈ రకానికి సహజం. గేరు మారబోయే క్షణంలో కాలు కొంచెం సడలిస్తే సగం తగ్గుతుంది.

ప్రశ్న: ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ (డీక్యూ200) పెట్రోల్ కారు. మియాపూర్ ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్లేటప్పుడు ఒకటో గేరులో వణుకు. రివర్స్ మాత్రం మెత్తగానే వెళుతుంది. షెడ్డులో మెకట్రానిక్ మార్చాలన్నారు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. ఇందులో కె1 క్లచ్ 1, 3, 5, 7 గేర్లను నడుపుతుంది. కె2 క్లచ్ 2, 4, 6తోపాటు రివర్స్‌ను నడుపుతుంది. ఒకటిలో వణికి రివర్స్‌లో లేకపోతే అనుమానం కె1 మీదకే వెళ్లాలి. మెకట్రానిక్ అంటే క్లచ్‌లను, గేర్లను నడిపే కంప్యూటర్, హైడ్రాలిక్ కలిసిన భాగం. దాని ఒత్తిడి తగ్గిపోతే ఆ లోపం ఒక్క క్లచ్‌కే పరిమితం కాదు. గేర్లు మధ్యలో వదిలేస్తుంది, డాష్‌బోర్డులో గేరు అక్షరాలు మెరుస్తాయి, పి17బీఎఫ్, పి189సీ లాంటి కోడ్‌లు పడతాయి. మీకు ఆ కోడ్‌లు లేకుంటే మెకట్రానిక్ బేరం ఇంకా ఎందుకు? స్కాన్ రిపోర్టు అచ్చు వేయించి ఇవ్వమనండి. క్లచ్‌ల అడాప్టేషన్ విలువలు, క్లచ్ వేడెక్కిన లెక్కలు అందులో ఉంటాయి.

ముందు బేసిక్ సెట్టింగ్ (స్కానర్‌తో క్లచ్‌ల లెక్కలు మళ్లీ నేర్పడం) చేయించి కొన్ని రోజులు నడపండి. వణుకు తిరిగొస్తే క్లచ్ ప్యాక్. కె1, కె2 కలిసే వస్తాయి. బిగించేటప్పుడు షిమ్ (సందు సరిచేసే పలుచని రేకు) కొలిచే ప్రత్యేక పనిముట్లు కావాలి. అవి ఉన్నాయా అని ముందే అడగండి, లేని చోట చేయిస్తే కొత్త క్లచ్ కూడా అదే వణుకు వణుకుతుంది.

ఈ బాక్సుకు సంబంధించి ఒక పాత విషయం చూసుకోవాలి. 2013 నవంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, బాక్సులో సింథటిక్ బదులు మినరల్ ఆయిల్ వేసింది. వేడి, తేమ ఎక్కువున్న చోట ఆ పాత ఆయిల్ వల్ల లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కనిపించింది. మీది ఆ ముందటి బండైతే చాసిస్ నంబరుతో కంపెనీ వర్క్‌షాప్‌లో ఆ పని జరిగిందో లేదో అడగండి.

ట్రాఫిక్‌లో ముందు కారుకు అంటుకుని పాకడం మానాలి. రెండు మూడు కార్ల ఖాళీ వచ్చాక క్లచ్ పూర్తిగా పట్టుకునేలా కదలండి. డ్రై క్లచ్‌కు చల్లబరిచే ఆయిల్ లేదు, గాలే దిక్కు.

ప్రశ్న: నగరంలోనే ఒక డీలర్ దగ్గర తక్కువ ధరకు ఆటోమేటిక్ సెడాన్ కొన్నాను. గేరు జారుతోందని ఆయిల్ తీయిస్తే పాలు కలిపిన రోజ్‌మిల్క్‌లా వచ్చింది.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కారు ఇక ఒక్క కి.మీ. కూడా నడపకండి. అందులో నీళ్లు కలిశాయి. క్లచ్ ప్లేట్ల మీది పొర కాగితం లాంటి పదార్థం, జిగురుతో అంటించి ఉంటుంది. నీళ్లు పీల్చుకుని ఊడి వచ్చేస్తుంది. బేరింగులు తుప్పు పట్టడం రోజుల్లో మొదలవుతుంది.

నీళ్లు రావడానికి రెండు దారులు. కొన్ని కార్లలో గేర్ ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిల్లుపడితే కూలెంట్, ఆయిల్ కలిసిపోతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి, అక్కడా గులాబీరంగు మీగడ కనిపిస్తే రేడియేటర్. కూలెంట్ శుభ్రంగా ఉండి గేర్ ఆయిల్ మాత్రమే తెల్లబడితే కారు మునిగిందన్న అనుమానం. వేడిగా ఉన్న బాక్సు నీళ్లలో మునగగానే లోపల గాలి కుంచించుకుని బ్రీదర్ గొట్టం ద్వారా నీటిని లాక్కుంటుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మీకు చెప్పక్కర్లేదు. మీ కారులో సీట్ బెల్టులన్నీ చివరిదాకా లాగి చూడండి. కడిగించినా చుట్ట లోపలి భాగంలో మట్టి గీత మిగులుతుంది. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంట అడుగు, డాష్‌బోర్డు కింది కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము చూడండి. రిజిస్ట్రేషన్ నంబరుతో ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర తెప్పించండి.

మరమ్మతు మొదలుపెట్టకముందే సాక్ష్యం భద్రం చేయండి. ఆయిల్‌ను గాజుసీసాలో పట్టి తేదీ రాసి సీలు వేయండి, ఫోటోలు తీయండి, వర్క్‌షాప్ రిపోర్టు రాతపూర్వకంగా తీసుకోండి. డీలర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. వ్యాపారంగా అమ్మినవాళ్ల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా వేయాలో చెబుతారు. నీళ్లు తిన్న బాక్సుకు ఆయిల్ మార్చి సరిపెడతామంటే నమ్మకండి. రేడియేటర్ లీకును మొదటి రోజే పట్టుకుంటే తప్ప, విప్పి ప్లేట్లన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న: ఇక్కడ 95 వేల మైళ్లు తిరిగిన సీవీటీ సెడాన్ కొన్నాను. ఎండాకాలంలో ఫ్రీవే మీద ముప్పై నలభై నిమిషాల తర్వాత పికప్ చచ్చిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ బాగుంటుంది. పార్ట్స్ షాపులో ఉచితంగా స్కాన్ చేసి కోడ్ లేదన్నారు.
— ఒక విద్యార్థి, డాలస్

జవాబు: బాక్సు వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. ఆయిల్ హద్దు దాటి వేడెక్కితే కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది, దీనికి ఇంజిన్ కోడ్ పడకపోవచ్చు. ఫ్లూయిడ్ ఉష్ణోగ్రత చూపించే స్కానర్‌తో అదే దారిలో నడిపించి చూడండి. ముందు చవకవి: రేడియేటర్, కండెన్సర్ మధ్య పేరుకున్న దుమ్ము, ఫ్యాన్, ఫ్లూయిడ్ లెవెల్. ఫ్లూయిడ్ కంపెనీ చెప్పిందే వాడాలి, నిస్సాన్‌కు ఎన్‌ఎస్-3, హోండాకు హెచ్‌సీఎఫ్-2 అలా. మామూలు ఏటీఎఫ్ పోస్తే ఉక్కు బెల్టు పుల్లీ మీద జారుతుంది. జారిన చోట పుల్లీ గీతలు పడుతుంది. ఆ గీతలను ఏ ఆయిలూ మాన్పదు. ఫ్లూయిడ్ మార్చాక కూడా 20 నుంచి 40 మైళ్ల వేగంలో వణుకు, వేగంతో పెరిగే ఊళ ఉంటే బాక్సు మార్పిడి ఖర్చును కారు విలువతో పోల్చుకోండి.

డీలర్ కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ కాగితం తీసి చూడండి. ‘యాజ్ ఈజ్’ దగ్గర టిక్ ఉంటే డీలర్ వారంటీ లేదు. అయినా చాసిస్ నంబరుతో రీకాల్స్, కంపెనీ పొడిగించిన వారంటీలు అడగండి. అలాంటి పొడిగింపులు సాధారణంగా కారుతో వస్తాయి, యజమాని మారినా పోవు.

ప్రశ్న: ఆటోమేటిక్ దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించవచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. ఇంజిన్ ఆగితే బాక్సు లోపలి పంపు తిరగదు, చక్రాలతోపాటు తిరిగే గేర్లకు, బేరింగులకు ఆయిల్ అందదు. ‘ఎన్’లో పెట్టినా అంతే. కారు మొత్తం పైకెక్కే ఫ్లాట్‌బెడ్‌నే పిలవండి. దొరక్కపోతే నడిచే చక్రాలు, అంటే ముందు చక్రాలతో నడిచే కారుకు ముందువి, నేలకు తగలకుండా ఎత్తించి తీసుకెళ్లండి.